అటక మీది చుట్టాలు

ఇంట్లో అందరూ పక్కలెక్కాక మొదలవుతుంది ఆ చప్పుడు. ‘స్‌స్‌స్... ఖ్‌ర్‌ర్‌ర్...’ అంటూ ఎవరో పెద్దాయన ఆయాసంతో ఊపిరి లాగుతున్నట్టు! పైన చూస్తే ఎవరూ ఉండరు. స్టోరురూముకు వేసిన తాళం వేసినట్టే ఉంటుంది. ధైర్యం చేసి టార్చిలైటు వేస్తే, వెంటిలేటరు వెనక, పాత సామాన్ల మధ్య నాలుగైదు తెల్లటి ముఖాలు వరుసగా నిలబడి ఇటే చూస్తుంటాయి. కళ్లు నల్లగా, ముఖం గుండ్రంగా, ఒళ్లంతా దూదిలా. కాస్త అటూ ఇటూ ఊగుతుంటాయి కూడా. ఆ రాత్రికిక ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

తెల్లారాక పంచాయితీ మొదలు. ‘‘గూబ ఇంట్లో దూరితే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలిరా, మా కాలంలో అలాగే చేసేవాళ్లు’’ అంటుంది నానమ్మ. శాంతి చేయిద్దామంటారు ఒకరు, పొగ పెడదామంటారు ఇంకొకరు. చివరికి మేస్త్రీకి కబురు వెళుతుంది. అరబస్తా సిమెంటు, నాలుగు ఇటుకలు... కన్నం మూసేస్తే పీడ విరగడ!

చాలా ఇళ్లలో కథ అక్కడితో అయిపోతుంది. కొన్ని ఇళ్లలో మాత్రం ఎవరో ఒకరు, తరచుగా ఇంట్లోని చిన్నపిల్లలే, ‘‘పాపం, పిల్లలున్నాయి కదా... ఎగిరిపోయేదాకా ఉండనిద్దాం’’ అంటారు. ఆ ఒక్క మాటతో ఆ ఇంటికి ఎక్కడా టిక్కెట్టు దొరకని వినోదం దక్కుతుంది. గుడ్డు నుంచి గగనం దాకా సుమారు మూడు నెలల సీరియల్ అది. రోజుకో ఎపిసోడ్, అదీ రాత్రిపూట మాత్రమే.

ఎవరీ చుట్టాలు?

గుడ్లగూబల్లో చాలా రకాలున్నా మనిషి ఇంటిని ఎక్కువగా నమ్ముకున్నది ఒకటుంది. తెల్లగూబ. ఇంగ్లిషులో బార్న్ ఔల్ అంటారు. గడ్డివాముల కొట్టాల్లో కాపురముండే గూబ అని దానర్థం. యాపిల్ పండును నిలువుగా కోస్తే కనిపించే ఆకారంలో ఉంటుంది దాని ముఖం. వీపు మీద లేత బంగారు రంగు, బూడిద రంగు కలిసిన ఈకలు, పొట్ట తెలుపు. చూడ్డానికి భారీగా ఉన్నా అదంతా ఈకల డాబే. బరువు మూడు, నాలుగు వందల గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది.

సాయంత్రాలు వేపచెట్టు తొర్రలోంచి తొంగిచూస్తూ కిచకిచలాడే చిన్న పైడికంటి వేరు, ఇది వేరు. బండలమీదా వాగుల పక్కన కనిపించే కొమ్ముల గుడ్లగూబా వేరే. తెల్లగూబకు మనవాళ్లు పెట్టిన పేరు ‘చావుపిట్ట’. రాత్రివేళ దాని అరుపు కీచుమని గుండెల్లో గుచ్చుకున్నట్టే ఉంటుంది. చప్పుడు లేకుండా తెల్లగా తలమీదుగా ఎగిరిపోతుంది. కరెంటు లేని రోజుల్లో పాడుబడ్డ గుడి పక్కన అలాంటిది చూసినవాళ్లు దయ్యమని భయపడ్డారంటే తప్పుపట్టలేం.

విచిత్రమేమిటంటే, ఇదే పక్షికి బెంగాల్లో పేరు ‘లక్ష్మీపేచా’. లక్ష్మీదేవి వాహనమైన గూబ అని అర్థం. దసరా తర్వాత వచ్చే పౌర్ణమినాడు అక్కడ ఇంటింటా లక్ష్మీపూజ చేస్తారు. అమ్మవారి పాదాల పక్కన తెల్లగూబ బొమ్మ ఉంటుంది. ఆ పక్షి ఇంటి చూరులో చేరితే లక్ష్మి నడిచొచ్చిందని సంబరపడే కుటుంబాలు అక్కడ కొల్లలు. పిట్ట అదే, అరుపూ అదే. ఒక ఊళ్లో అది చావు, ఇంకో ఊళ్లో సిరి!

మన ఇల్లే ఎందుకు?

తెల్లగూబ గూడు కట్టుకోదు. పుల్లలు ఏరుకురావడం, అల్లడం దానికి తెలియవు. పెద్ద చెట్టు తొర్ర, గుడి గోపురం, పాత కోట గోడ, వాడకంలేని బావి అరుగు... చీకటిగా, పొడిగా, ఎవరూ రాని మూల ఏదైనా సరే. అలాంటి తొర్రలున్న ముసలి చెట్లు పోతున్నాయి. గోపురాలకు వలలు బిగిస్తున్నారు. పెంకుటిళ్ల అటకలు కనుమరుగవుతున్నాయి. అందుకని అపార్టుమెంట్లలో లిఫ్టు గది మూల, ఏసీ కోసం వదిలిన గూడు, పైపులు దిగే డక్టు, ఫాల్స్ సీలింగ్ పైన ఖాళీ... ఇవే వాటికిప్పుడు తొర్రలు. మనిషి ఉన్నచోట ధాన్యం, చెత్త ఉంటాయి. అవి ఉన్నచోట ఎలుకలుంటాయి. ఎలుకలున్నచోట తెల్లగూబ ఉంటుంది. దాని లెక్క అంతే. మన జాతకాలతో దానికి పనిలేదు.

మన దేశంలో దీనికి ఫలానా నెలలోనే పిల్లలు పెట్టాలన్న నియమమూ లేదు. తిండి పుష్కలంగా దొరికితే ఏడాదిలో ఎప్పుడైనా గుడ్లు పెడుతుంది. నాలుగు నుంచి ఏడు దాకా తెల్లటి గుడ్లు. అయితే అన్నీ ఒకేసారి పెట్టదు. రెండు, మూడు రోజులకొకటి చొప్పున పెడుతుంది. మొదటి గుడ్డు పెట్టిన రోజు నుంచే పొదగడం మొదలుపెడుతుంది. దాంతో పిల్లలు కూడా ఒకదాని తర్వాత ఒకటి, రెండు మూడు రోజుల తేడాతో బయటికొస్తాయి. అందుకే తెల్లగూబ పిల్లలన్నీ కలిసి నిలబడితే మెట్ల వరుసలా కనిపిస్తాయి. పెద్దదానికి ఈకలొస్తుంటే ఆఖరుది ఇంకా పొత్తిళ్లలోనే ఉంటుంది.

పొదిగే నెల రోజులూ తల్లి దాదాపుగా కదలదు. బయటి పనంతా తండ్రిదే. చీకటి పడగానే వెళ్లి ఎలుకను పట్టి తెచ్చి తల్లి ముందు పెట్టడం, మళ్లీ వెళ్లడం. పొలానికి వెళ్లిన మనిషి ఇంటికి నాలుగు గింజలు తెచ్చినట్టు!

వారాల లెక్క

గుడ్డులోంచి వచ్చిన పిల్ల చూడముచ్చటగా ఏమీ ఉండదు. గులాబీరంగు తోలు, పలచటి నూగు, మూసుకున్న కళ్లు. తల నిలబెట్టడానికే అవస్థ. తల్లి ఎలుకను చిన్న ముక్కలుగా చీల్చి నోటికందిస్తుంది. రెండోవారం వచ్చేసరికి కళ్లు తెరుస్తాయి. ఒంటిమీద దట్టమైన నూగు వస్తుంది. మూడోవారానికి ఎలుకను ఎలుకగానే మింగేయగలుగుతాయి. తోక మాత్రం కాసేపు నోట్లోంచి వేలాడుతుంటుంది. పిల్లలు పకపకా నవ్వేదీ, పెద్దలు ముఖం తిప్పుకునేదీ ఇక్కడే.

అప్పటిదాకా రెక్కల కింద దాచుకున్న తల్లి, ఇక తండ్రితోపాటు వేటకు బయల్దేరుతుంది. ఇంట్లో పిల్లలు ఒంటరిగా మిగులుతాయి. ఆయాసపడుతున్నట్టుండే ఆ చప్పుడు జోరందుకునేది అప్పుడే. ఆకలేస్తోందని అవి చేసే మారాం అది. దయ్యం కాదు, ఆయాసం కాదు. ‘నాన్నా, ఇంకా రావేం?’ అని అడగడం.

అయిదారు వారాలకు నూగులోంచి అసలు ఈకలు పొడుచుకొస్తాయి. ముఖం యాపిల్ ఆకారానికి తిరుగుతుంది. ఆరోవారం ప్రాంతంలో పిల్లలు అమ్మానాన్నలకంటే ఎక్కువ బరువు తూగుతాయి! ఆ కొవ్వు కరిగితేగానీ రెక్కలు మనిషిని... కాదు, పక్షిని మోయలేవు. తర్వాత రెండు వారాలూ తల కిందికీ మీదికీ ఊపుతూ దూరాలు అంచనా కట్టడం, ఉన్నచోటే రెక్కలు టపటపలాడించడం, ఒకదాని మీదికి ఒకటి దూకడం... అటకంతా కసరత్తుశాలే. ఎనిమిదో వారం దాటుతుంటే పెద్దపిల్ల మొదటిసారి గోడ దిగుతుంది. మిగతావి పుట్టిన వరుసలోనే దాని వెనక.

తల ఎందుకలా ఊపుతాయి? గూబ కనుగుడ్లు మన కళ్లలా అటూ ఇటూ తిరగవు. అందుకే మెడనే తిప్పాలి. మన మెడలో ఏడు ఎముకలుంటే దాని మెడలో పద్నాలుగు. దాంతో తలను ఒకవైపుకు 270 డిగ్రీల దాకా తిప్పగలదు. ‘గుడ్లగూబలా చూస్తావేంట్రా’ అని తిట్టేముందు, దానికి మరో దారి లేదని గుర్తుంచుకోవాలి.

చీకట్లో చెవులే కళ్లు

తండ్రి గూబ అమావాస్యనాడు కూడా ఖాళీ కాళ్లతో రాదు. ఎలా సాధ్యం? అమెరికా శాస్త్రవేత్త రోజర్ పేన్ ఈ ప్రశ్నకు సమాధానం వెతికాడు. తిమింగిలాల పాటలను లోకానికి వినిపించి తర్వాత ప్రసిద్ధుడైన మనిషి ఈయనే. ఏమాత్రం వెలుతురు చొరబడని గదిలో తెల్లగూబను ఉంచి ఎలుకను వదిలాడు. ఎలుక కదలికల అలికిడిని బట్టే గూబ గురి తప్పకుండా దాన్ని పట్టేసింది. 1971లో ప్రచురించిన ఆ పరిశోధన పక్షుల వినికిడి గురించిన ఆలోచననే మార్చింది.

రహస్యం చెవుల్లో ఉంది. తెల్లగూబ రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి. ఒకే చప్పుడు రెండు చెవులకూ రవ్వంత తేడాతో చేరుతుంది. ఆ తేడాను బట్టి ఎలుక ఎడమనుందా కుడినుందా, ఎంత కింద ఉందో మెదడు లెక్క తేల్చేస్తుంది. ఆ యాపిల్ ముఖం అందం కోసం కాదు. శబ్దాన్ని చెవుల్లోకి మళ్లించే చాట అది. రెక్కల అంచున ఉండే సన్నటి దువ్వెన పళ్లలాంటి ఈకలు గాలిని చీల్చి చప్పుడును మింగేస్తాయి. గూబ వచ్చినట్టు ఎలుకకు తెలియదు. గూబకు మాత్రం ఎలుక ఊపిరి కూడా తెలిసినట్టే!

అన్న ముద్ద తమ్ముడికి

అటక మీది కాపురంలో అసలు ముచ్చట ఇంకొకటుంది. ఇన్ని పిల్లలు, అన్నీ ఆకలితోనే ఉంటాయి. తండ్రి తెచ్చేది ఒక్కసారికి ఒక్క ఎలుకే. మరి ఎవరికి దక్కాలి? బలమున్న పెద్దపిల్ల లాగేసుకుంటుందనుకుంటాం. చాలా పక్షుల గూళ్లలో జరిగేదీ అదే.

స్విట్జర్లాండులోని లోజాన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ రూలాన్ బృందం ఏళ్ల తరబడి తెల్లగూబల గూళ్లలో మైకులు, కెమెరాలు పెట్టి చూసింది. అమ్మానాన్నలు బయట ఉన్నప్పుడు కూడా పిల్లలు అరుస్తూనే ఉంటాయి. తమలో తాము! ఎక్కువ ఆకలిగా ఉన్నది ఎక్కువసేపు, గట్టిగా అరుస్తుంది. కాస్త కడుపు నిండినది అది విని తగ్గుతుంది. ‘ఈసారి వచ్చేది నీకే’ అని ముందే ఒప్పందం అన్నమాట. ముద్ద వచ్చాక కొట్టుకోవడం కంటే, రాకముందే మాట్లాడుకోవడం మేలని వాటికి తెలుసు.

అంతేకాదు. పెద్దపిల్లలు తమకందిన ఎలుకను కొన్నిసార్లు చిన్నవాటికి ఇచ్చేస్తాయి. తమ ఈకలు సవరించి దువ్విపెట్టే తమ్ముడికో చెల్లికో ఎక్కువగా ఇస్తాయనీ, బాగా ఆకలితో అరిచేవాటిని కూడా పట్టించుకుంటాయనీ 2020లో ఆ బృందం ప్రచురించింది. లోకంలో అన్ని గూళ్లూ అలా ఉండవు. ఎలుకలు కరవైన ఏడాది తెల్లగూబల్లోనూ ఆఖరుపిల్ల బతకకపోవచ్చు. అయినా టీవీ రిమోట్ కోసం జుట్లు పట్టుకునే పిల్లలకు చూపించాల్సిన దృశ్యమేనా, కాదా?

కిటికీ అవతల కాపురం

ఇంటి దగ్గర గూబలను చూసి మురిసిన కుటుంబాల్లో రెండింటి కథ ప్రపంచమంతా తిరిగింది.

మొదటిది అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్ అనే ఊళ్లో. ఒక జంట తమ పెరట్లో ఎత్తయిన స్తంభం మీద గూబల కోసం చెక్కపెట్టె బిగించింది. రెండేళ్లపాటు ఏ పిట్టా అటు చూడలేదు. 2010లో ఓ తెల్లగూబ జంట వచ్చి చేరింది. చీకట్లోనూ పనిచేసే కెమెరాను పెట్టెలో అమర్చి, ఇంటర్నెట్లో ప్రత్యక్ష ప్రసారం పెట్టారు ఇంటివాళ్లు. బంధువులకూ స్నేహితులకూ చూపిద్దామనుకున్నది కాస్తా లక్షల మంది పనులు మానుకుని చూసే కార్యక్రమమైంది. బడిపిల్లలు తరగతి గదుల్లో కూర్చుని చూశారు. తల్లిగూబకు మోలీ అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిల్లల పుస్తకం కూడా వచ్చింది.

రెండోది బెల్జియంలోని గేల్ పట్టణంలో, 2020లో. అక్కడ వచ్చింది తెల్లగూబ కాదు, యూరప్‌లోకెల్లా పెద్ద గుడ్లగూబల్లో ఒకటైన కొమ్ముల గూబ. మూడో అంతస్తులో ఉన్న ఓ ఫ్లాటు కిటికీ బయటి పూలతొట్టిలో కాపురం పెట్టింది. మూడు పిల్లలు. కరోనాతో లోకమంతా ఇంట్లో బందీ అయిన ఆ వసంతంలో, కిటికీ అద్దానికి అటువైపు గూబపిల్లలు, ఇటువైపు ఇంటి పెద్దాయన! ఇంట్లో టీవీ పెడితే ఆ మూడూ అద్దానికి ముఖాలు ఆనించి చూస్తున్న దృశ్యం దేశదేశాల పత్రికల్లో, తెరల మీద కనిపించింది.

రెండుచోట్లా ఇంటివాళ్లు చేసింది చాలా కొంచెం. పెట్టెను పెట్టి ఊరుకున్నారు ఒకరు. కిటికీ తెరవకుండా ఊరుకున్నారు మరొకరు. తిండి పెట్టలేదు, ఎత్తుకుని ముద్దుచేయలేదు. చూస్తూ ఊరుకోవడమే వాళ్లు చేసిన ఉపకారం.

అద్దె ఎంత?

‘అదంతా బాగానే ఉంది. వాసన, రొట్ట, చప్పుడు భరించేది ఎవరు?’ అనడిగే ఇల్లాలి ప్రశ్నలో న్యాయముంది. ఏడెనిమిది వారాల గూబ సంసారం పక్కన ఉంటే వాసన తప్పదు. నిద్రపట్టని రాత్రులూ తప్పవు. కానీ అవి అద్దె ఎగ్గొట్టే రకం కాదు.

ఒక్కో గూబ రాత్రికి రెండు మూడు ఎలుకల్ని తినేయగలదు. పిల్లలున్నప్పుడు ఆ జంట వేట రాత్రంతా సాగుతూనే ఉంటుంది. దానికి రుజువు అటక మీదే దొరుకుతుంది. గూబ నమలదు, మింగుతుంది. అరగని బొచ్చు, ఎముకలు పొట్టలో ఉండకట్టి నల్లగా బొటనవేలంత ఉండలుగా నోట్లోంచి బయటపడతాయి. ఎండలో బాగా ఎండబెట్టి, చేతికి గ్లౌజులు తొడిగి, నీళ్లలో నానబెట్టి విప్పితే ఎలుక పుర్రెలు, దవడలు, పళ్లు చెక్కుచెదరకుండా వస్తాయి. పుర్రెలు లెక్కపెడితే ఆ రాత్రి పద్దు తెలిసిపోతుంది. బడిపిల్లలకు ఇంతకన్నా మంచి జీవశాస్త్ర పాఠం లేదు. పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మరవకూడదు.

ఈ పద్దు చూసే మలేసియాలో ఆయిల్‌పామ్ తోటల నిండా గూబపెట్టెలు బిగించారు. ఇజ్రాయెల్లోని స్డే ఎలియాహు అనే సమష్టి వ్యవసాయ క్షేత్రంలో 1983లో గూబపెట్టెలతో మొదలైన పని, తర్వాత దేశమంతా పాకి, 2002లో సరిహద్దు దాటి జోర్డాన్ రైతులకూ చేరింది. గూబకు సరిహద్దులు తెలియవు. ఎలుకకూ తెలియవు. ఆయిల్‌పామ్ సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌కూ, ఏటా ఆ తోటలు పెంచుతున్న తెలంగాణకూ, పందికొక్కులతో వేగే గోదావరి, కృష్ణా డెల్టా వరిరైతుకూ ఇది పనికొచ్చే ముచ్చటే. ఖర్చులేని కాపలాదారును ఊరే తరిమేస్తోంది మరి!

మూసిన కన్నం వెనక

పగటిపూట మేస్త్రీ వచ్చి కన్నం మూసేస్తే ఏమవుతుంది? తల్లిదండ్రులు లోపల ఉంటే పిల్లలతోపాటు అవీ అక్కడే. బయట ఏ చెట్టులోనో ఉంటే రాత్రికి ఎలుకతో వచ్చి గోడ చుట్టూ తిరుగుతాయి. లోపల ఆ మారాం రెండు మూడు రాత్రులు వినిపిస్తుంది. తర్వాత వినిపించదు. చావుపిట్ట వల్ల ఇంట్లోకి చావొస్తుందని భయపడినవాళ్ల ఇంట్లో నిజంగానే చావు జరుగుతుంది. అది తెచ్చింది పిట్ట కాదు.

చేయి తిరిగిన మరో హంతకి ఎలుకల మందు. బ్రోమడియోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా, తూలుతూ తిరుగుతుంది. అలాంటిది గూబకు తేలిగ్గా దొరుకుతుంది. ఆ విషం గూబకు, అక్కణ్నుంచి పిల్లల నోటికి చేరుతుంది. గూబలున్న ఇంట్లో, ఆ చుట్టుపక్కల ఎలుకల మందు పెట్టడమంటే పనివాడి అన్నంలో విషం కలపడమే. తప్పదనుకుంటే పాతకాలపు బోను చాలు.

ఇక మూఢనమ్మకం పేరిట జరిగే వ్యాపారం. దీపావళి దగ్గరపడుతుంటే క్షుద్రపూజల కోసం గూబలను పట్టి అమ్మే ముఠాలు బయల్దేరతాయి. దేశంలోని సుమారు 30 రకాల గుడ్లగూబల్లో 15 రకాలు ఈ దొంగవ్యాపారంలో కనిపించాయని ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లో నివేదిక ఇచ్చింది. లక్ష్మీదేవిని పూజించే రాత్రే ఆమె వాహనాన్ని బలివ్వడం! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూబను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం, దాని గూడునూ గుడ్లనూ పాడుచేయడం నేరం. ‘మా ఇంట్లో గూబలున్నాయి’ అని ఊరంతా చెప్పుకోకపోవడం కూడా వాటికి చేసే రక్షణే.

కిందపడ్డ పిల్ల కనిపిస్తే...

కసరత్తుల రోజుల్లో అప్పుడప్పుడూ ఓ పిల్ల జారి కిందపడుతుంది. అప్పుడు ఇల్లంతా హడావుడి. పాలు పోద్దామంటారు, అన్నం పెడదామంటారు, అట్టపెట్టెలో పెట్టి పెంచుకుందామంటారు. ఏదీ వద్దు. పాలూ అన్నమూ దానికి విషంతో సమానం. మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్నది ఉత్త అపోహ. కుక్కా పిల్లీ ముట్టకముందే మందపాటి తువ్వాలు కప్పి, గోళ్లు గీరుకోకుండా పట్టుకుని, తిరిగి అటక మీదే వదలాలి. నేలమీద అరుస్తున్న పిల్లను తెల్లగూబలు సాధారణంగా పట్టించుకోవు. గూట్లో ఉంటేనే దానికి తిండి. రెక్క విరిగినా, రక్తం కారుతున్నా చీకటి పెట్టెలో ఉంచి అటవీశాఖకు కబురు చేయాలి.

చూడాలనుకునేవారికి నాలుగే నియమాలు. దూరం నుంచి చూడాలి. టార్చి ముఖాన కొట్టకూడదు, ఫోన్ ఫ్లాషు అసలే వద్దు. గుడ్ల మీద ఉన్న తల్లిని కదిలించకూడదు, బెదిరితే గుడ్లు వదిలేసి పోగలదు. పిల్లలున్న చోటికి ఎవరూ దగ్గరగా వెళ్లకూడదు, వాటి గోళ్లు ఎలుకను చంపేవి, వేలిని వదలవు. సాయంత్రం దీపాలార్పి డాబా మీద చాప వేసుకుని కూర్చుంటే చాలు. తండ్రి ఎప్పుడొచ్చాడు, ఏం తెచ్చాడు, ఎన్నిసార్లు తిరిగాడు... ఓ నోటుపుస్తకంలో పిల్లలే రాసుకుంటారు.

ఎగరడం నేర్చాక కూడా నాలుగైదు వారాలు పిల్లలు చుట్టుపక్కలే తిరుగుతాయి. రాత్రికి గూటికొచ్చి తిండి అడుగుతాయి. ఒక్కోరోజు ఒక్కొక్కటి తగ్గుతుంది. చివరికి అటక మీద ఎండిన ఉండలు, నాలుగు తెల్లటి ఈకలు మిగులుతాయి. శుభ్రం చేయాలనుకుంటే ముక్కుకు మాస్కు కట్టుకుని, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి ఊడ్చుకోవాలి. లోపల ఏ పిల్లా లేదని రెండు మూడు రాత్రులు చూసుకున్నాక, కావాలంటే కన్నం మూయించుకోవచ్చు. అప్పుడు మేస్త్రీని పిలిస్తే తప్పులేదు.

పిలిచినప్పుడు అతనికే ఇంకో పని కూడా చెప్పొచ్చు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నరకు తగ్గని లోతు ఉన్న చెక్కపెట్టె. పైభాగాన చేయి దూరేంత, అంటే అయిదారు అంగుళాల కన్నం. వాన పడని, ఎండ కొట్టని గోడకు ఇంటి వెనకవైపు ఎత్తుగా బిగిస్తే సరి. వాసన ఇంట్లోకి రాదు, అరుపులు మంచం దాకా రావు. ఎలుకల పద్దు మాత్రం ఇంటి ఖాతాలోనే. మొదటి ఏడాది ఎవరూ రాకపోతే నిరాశపడక్కర్లేదు. శాన్ మార్కోస్ దంపతులకైనా రెండేళ్లు పట్టింది కదా!